ప్రయాణానికి పనికొచ్చే ఒళ్ళు

ఆ రోజు పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి క్లినిక్‌కు వెళ్ళాలి. ప్రయాణానికి ఒళ్ళు పనికొస్తుందని డాక్టరు చేత ఒక కాగితం రాయించుకోవాలి. పన్నెండింటికల్లా దాన్ని ఆఫీసులో ఇచ్చేసి, మధ్యాహ్నం పనిముట్ల పెట్టె సర్దుకుని, మర్నాడు పొద్దున ఏడింటి రైలెక్కాలి. ఆ తర్వాత ఏడు నెలలు ఊళ్ళు పట్టుకుని తిరగడమే.

ఆమె వాతావరణ పరికరాలు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్. వాన కొలిచే గేజీలు, గాలి వేగం కొలిచే యంత్రాలు ఎక్కడెక్కడి కొండల మీద నుంచో ఆమె బల్ల మీదకు వస్తాయి. తుప్పు గీకి, బేరింగు మార్చి, టేబుల్ ఫ్యాను ముందు పెట్టి గాలిని పట్టే మూడు గిన్నెలూ గిరగిర తిరుగుతున్నాయని చూసుకుని తిరిగి పంపించేస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. వందల యంత్రాలు ఆమె చేతుల మీదుగా వెళ్ళాయి కానీ వాటిలో ఒక్కటైనా అసలు గాలికి తిరుగుతుంటే ఆమె చూడలేదు. వాతావరణ కేంద్రాలన్నీ తిరిగి యంత్రాలను అక్కడికక్కడే సరిచేసే టూరు రెండేళ్ళకోసారి వస్తుంది. ప్రతిసారీ అది సీనియర్ మెకానిక్‌కే వెళ్ళేది. ఈసారి ఆయన నడుం పట్టేసి, మొదటిసారిగా ఈమె పేరు రాశారు.

ఈ పథకంలో మామగారి ప్రసక్తి ఎక్కడా లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మామగారు ముప్ఫయ్యొక్క ఏళ్ళు దూరప్రయాణాల బస్సు నడిపి రిటైరైన మనిషి. అన్నేళ్ళలో జబ్బని ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదన్న సంగతి ఆయన రోజుకొకసారైనా చెప్పకపోతే ఇంట్లో వాళ్ళకే ఏదో వెలితిగా ఉండేది. ఆ ముప్ఫయ్యొక్క ఏళ్ళూ తనను కాపాడిన చిట్కాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. కడుపులో తిప్పితే నాలుక కింద అల్లం ముక్క. పన్ను సలిపితే లవంగం. దగ్గుకు తేనెలో మిరియాల పొడి. కాళ్ళు వాస్తే గోడకు ఎత్తిపెట్టి పావుగంట పడుకోవడం. నీళ్ళు పడక విరేచనాలు పట్టుకుంటే కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పూ పంచదారా. వీటన్నిటి మీదా వెల్లుల్లి. వెల్లుల్లి ఏ జబ్బుకని ఎవరైనా అడిగితే, "అది జబ్బుకి కాదు, జబ్బు రాకముందుకి," అనేవారు.

టూరు ఖాయమైన మర్నాటి నుంచీ ఆయన కోడలి ఒంటిని రోడ్డుకు అలవాటు చేయడం మొదలుపెట్టారు. పరగడుపున రెండు పచ్చి వెల్లుల్లి రెబ్బలు, పసుపు కలిపిన తేనె ఒక చెంచా, ఆపైన గొంతు కాలిపోయే అల్లం నీళ్ళు. సాయంత్రం ఇంకోసారి, కాస్త తక్కువ మోతాదులో. కోడలు కాదనలేకపోయింది. ఏడు నెలలు ఇల్లు వదిలి ఎలా వెళ్తుందని బంధువులంతా బుగ్గలు నొక్కుకుంటే, "నేను వెళ్ళలేదా? ఆ అమ్మాయీ వెళ్తుంది," అని ఒక్క ముక్కలో తేల్చేసింది ఆ మామగారే. ఆ మాట గుర్తు చేసుకుని ఆమె రోజూ కళ్ళు మూసుకుని వెల్లుల్లి నమిలేది. ఆమె భర్త ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. తండ్రి చెంచా పట్టుకుని వస్తున్నట్టు అలికిడైతే చాలు, చెప్పులు వేసుకోవడం బయటికెళ్ళాకే చూసుకునేవాడు.

ఆ రోజు మామూలు మోతాదుకు తోడు ఇంకొకటి వచ్చి చేరింది. ఆరింటికే మామగారు రెండు పెద్ద గ్లాసుల బీట్‌రూట్ రసం తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇదెందుకు మామయ్యా?"

"డాక్టరు కంటి రెప్ప లాగి చూస్తాడమ్మాయీ. లోపల తెల్లగా కనబడిందా, సంతకం పెట్టడు. తాగేయ్."

రెండు గ్లాసులూ తాగేసి, నోరు నాలుగుసార్లు పుక్కిలించి, కోడలు క్లినిక్‌కు వెళ్ళింది.

క్లినిక్‌లో నర్సు ఆమె నోట్లో థర్మామీటరు పెట్టబోయి రెండడుగులు వెనక్కి వేసింది. కిటికీ తెరిచింది. అదీ చాలక మాస్కు తగిలించుకుంది. వరండాలో కూర్చున్న వాళ్ళు కిటికీలోంచి ఆ మాస్కు చూసి, ఒకరి తర్వాత ఒకరు అవతలి బెంచీకి మారారు. కోడలు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నర్సు ఒక సీసా చేతికిచ్చి బాత్రూం చూపించింది. అందులో బల్బు కాలిపోయి మూడు రోజులైంది. కోడలు చీకట్లోనే పని ముగించి, సీసా వంక చూడకుండానే తలుపు పక్కనున్న ట్రేలో పెట్టేసి వచ్చి కూర్చుంది.

డాక్టరు కొత్తగా వచ్చినవాడు. చిన్నవాడు, జాగ్రత్త మనిషి. రోగిని భయపెట్టకూడదని చదువుకున్నాడు కాబట్టి ఏ జబ్బునూ పేరు పెట్టి అనడు. ట్రేలోని సీసా చూశాడు, కోడలి నాలుక చూశాడు. సీసాలో ఎరుపు, నాలుక మీద పసుపు. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, చాలా మెత్తగా అడిగాడు.

"ఇది ఎన్నాళ్ళుగా ఉందండీ?"

వెల్లుల్లి వాసన గురించే అడుగుతున్నాడని కోడలు అనుకుంది. "నెల రోజుల్నుంచండీ," అంది తల వంచుకుని.

"రోజూనా?"

"రోజూనే. పొద్దున ఎక్కువ, సాయంత్రం కొంచెం తక్కువ."

"నొప్పి గానీ, మంట గానీ?"

"మొదటి వారం కడుపులో మండేది. ఇప్పుడు అలవాటైపోయింది."

డాక్టరు కలం ఆగింది. "అలవాటైపోయిందా! ఇంట్లో ఇంకెవరికైనా ఉందా ఇది?"

"మా మామగారికి ఉందండీ. ముప్ఫై ఏళ్ళ పైనే అయింది. ఆయన నుంచే నాకూ వచ్చింది."

"ముప్ఫై ఏళ్ళా! ఆయన మందులేం వాడుతున్నారు?"

"మందులా? ఆయనకి మందులంటే పడదండీ. మాత్ర మింగిన మనిషి కాదు."

"మరి మీ వారికి?"

"ఆయన మాత్రం తప్పించుకు తిరుగుతున్నారు. మామగారు దగ్గరికొస్తే చాలు, బయటికి వెళ్ళిపోతారు."

డాక్టరు ఇదంతా రాసుకున్నాడు. కింద గీత కూడా గీశాడు. "మీరు కాసేపు బయట కూర్చోండి. మీ మామగారినీ, మీ వారినీ ఒకసారి రమ్మనండి. నేను చూడాలి," అన్నాడు.

దూరప్రయాణం కదా, ఇంట్లో వాళ్ళ సంతకాలు కూడా కావాలేమో అనుకుని కోడలు ఇంటికి ఫోను చేసింది. "మామయ్యా, డాక్టరు గారు మిమ్మల్ని ఒకసారి చూడాలంటున్నారు. మన సంగతంతా అడిగారు. చెప్పాను."

అవతల మామగారు గొంతు తగ్గించారు. "ఎంతవరకు చెప్పావు?"

"నెల రోజులుగా జరుగుతున్నదంతా చెప్పాను."

"రాసుకున్నాడా?"

"రాసుకున్నారు. కింద గీత కూడా గీశారు."

ఒక చదువుకున్న డాక్టరు తన చిట్కాలు రాసుకుని, గీత కూడా గీసి, తనను చూడాలంటున్నాడని మామగారు మంచి చొక్కా తీసి తొడుక్కున్నారు. కోడలి కోసం నెల రోజులుగా తయారుచేసిన ప్రయాణం సంచీ భుజానికి తగిలించుకున్నారు. అందులో అల్లం, లవంగాలు, తేనె సీసాలు, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు, పుదీనా తైలం అన్నీ ఉన్నాయి. రోడ్డు మీద రోజులు గడిచేకొద్దీ ఏది ముందు కావాల్సి వస్తుందో ఆ వరసలోనే సర్దారు. ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదని పెద్ద ఫ్లాస్కు నిండా బీట్‌రూట్ రసం కూడా పోశారు.

ఈలోగా డాక్టరు వర్క్‌షాపు సూపరింటెండెంటుకు ఫోను చేశాడు. సూపరింటెండెంటు సంతకం పెట్టే ముందు కలం తుడుచుకునే మనిషి. పెట్టాక ఇంకోసారి తుడుచుకుంటాడు.

"ఖాయంగా ఏమీ చెప్పలేనండీ," అన్నాడు డాక్టరు. "ఇంటి పెద్దకి ముప్ఫై ఏళ్ళుగా ఉందట. మనిషి నుంచి మనిషికి వస్తోందట. ఆవిడతో కలిసి పనిచేసేవాళ్ళు ఎంతమంది?"

"పన్నెండు మంది," అన్నాడు సూపరింటెండెంటు. ఆ అంకె తన నోటి నుంచి వచ్చాక అందులో తానూ ఒకణ్ణని ఆయనకు తట్టింది. ఫోను రుమాలుతో పట్టుకుని కింద పెట్టాడు. పది నిమిషాల్లో వర్క్‌షాపుకు తాళం పడింది. పదకొండు మంది ఆఫీసు వ్యానులో క్లినిక్‌కు వచ్చారు. సూపరింటెండెంటు మాత్రం వాళ్ళతో కలిసి ఊపిరి పీల్చడం ఇష్టంలేక ఎండలో నడిచి వచ్చాడు.

వరండాలో కూర్చున్న కోడలికి వ్యానులోంచి దిగుతున్న తన వాళ్ళు కనిపించారు. అందరి మూతులకూ గుడ్డలు. పక్క బల్ల మీద వాన గేజీలు బాగుచేసే ఆవిడ దూరం నుంచే చెయ్యి ఊపింది.

"ఎలా ఉందే ఇప్పుడు?"

"నాకేమైంది?"

"ఏమీ కాలేదులే. ధైర్యంగా ఉండు. టూరు గురించి బెంగ పెట్టుకోకు, అది సీనియర్‌కే మళ్ళీ రాసేశారు. నడుం నొప్పయినా ఫరవాలేదట, అంటుకునేది కాదుగా."

కోడలికి ఆ క్షణంలో అర్థమైంది ఒక్కటే, టూరు పోయిందని. ఎందుకు పోయిందో అర్థం కాలేదు. నర్సును అడిగితే, "డాక్టరు గారే చెప్తారమ్మా," అంది మొహం తిప్పుకుని. కోడలు వెళ్ళి బెంచీ మీద కూర్చుని అరచేతులు చూసుకుంది. అవి నిజంగానే కాస్త పసుపుగా ఉన్నట్టున్నాయి. గోళ్ళు చూసుకుంది. నాడి పట్టుకుని చూసుకుంది, అది దడదడ కొట్టుకుంటోంది. తొమ్మిదేళ్ళు ఎదురుచూసి చూసి, తీరా రైలెక్కే ముందు రోజు ఏ జబ్బో బయటపడిందన్నమాట. ఏడుపు రాలేదు. నడుం నొప్పితో సీనియర్ కొండ ఎలా ఎక్కుతాడా అని మాత్రం అనిపించింది.

సరిగ్గా అప్పుడే మామగారు వచ్చారు. వరండా నిండా మూతులకు గుడ్డలు కట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న జనాన్ని చూసి ఆయన మనసు కరిగిపోయింది. ఒకప్పుడు బస్సు దారిలో ఆగిపోతే ప్రయాణికులు అచ్చం ఇలాగే కూర్చునేవారు. అలాంటప్పుడు ఏం చేయాలో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. సంచీ విప్పారు.

"దగ్గుతున్నదెవరు? ఇదిగో, ఈ తేనె నాలిక్కి రాసుకో బాబూ. మీకు కళ్ళు తిరుగుతున్నాయా అమ్మా? ఈ నీళ్ళు తాగండి, ఉప్పూ పంచదారే. అయ్యా, ఎండలో నడిచొచ్చినట్టున్నారు, మీరు ముందు ఇది పుచ్చుకోండి."

సూపరింటెండెంటుకు నిజంగానే గొంతు ఎండిపోయింది. ఈయన క్లినిక్ మనిషేననుకుని, ఫ్లాస్కులోంచి పోసిన గ్లాసు అందుకున్నాడు. ఆయన తాగాక మిగతావాళ్ళూ తాగారు. ఆఖరి గ్లాసు నర్సు లోపలికి తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టింది. పొద్దుట్నుంచీ ఏమీ తినని డాక్టరు ఒక చేత్తో లావుపాటి పుస్తకం తిరగేస్తూ, రెండో చేత్తో అదేమిటో కూడా చూడకుండా తాగేశాడు.

మూడున్నరకు అందరి చేతికీ తలా ఒక సీసా ఇచ్చారు. బాత్రూంలో బల్బు ఇంకా మార్చలేదు. ప్రెస్సు నుంచి అప్పుడే వచ్చిన కోడలి భర్తకూ ఒకటి ఇచ్చారు. వరండాలో తండ్రిని, ఫ్లాస్కును చూసి అతను రెండో వైపు గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు.

ట్రేలో సీసాలు వరసగా చేరాయి. డాక్టరు వాటి ముందు నిలబడిపోయాడు. పదమూడింటిలో నాలుగు ఎర్రగా ఉన్నాయి. అందులో ఒకటి సూపరింటెండెంటుది. డాక్టరు పెదాలు తడుపుకుని, పై అధికారులకు ఫోను చేసే ముందు ఒక్క నిమిషం స్థిమితపడదామని తన బాత్రూంకు వెళ్ళాడు. అందులో బల్బు బాగానే వెలుగుతోంది.

తిరిగి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. గదిలో కోడలు, భర్త, మామగారు ఉన్నారు.

"పెద్దాయనా," అన్నాడు డాక్టరు నీరసంగా. "ముప్ఫై ఏళ్ళు దీంతో ఎలా బతికారండీ?"

"బ్రహ్మాండంగా బతికాను," అన్నారు మామగారు.

"భయం వేయలేదా?"

"వెల్లుల్లికి భయమెందుకు బాబూ?"

డాక్టరు తలెత్తాడు. "వెల్లుల్లేమిటి? నేను అడుగుతున్నది రక్తం గురించి. మీ కోడలికి పడుతోంది. అక్కడ నలుగురికి పడుతోంది. ఇప్పుడు..." ఒక్క క్షణం ఆగి, "ఇప్పుడు నాక్కూడా," అన్నాడు.

మామగారు ఆయన వంక పరీక్షగా చూశారు. "ఎర్రగానా? గులాబీ రంగు కలిసినట్టుగానా?"

"అవును! మీకూ అలాగే ఉంటుందా?"

"నాకెందుకుంటుంది? నా ఒంటికి బీట్‌రూట్ సరిపడుతుంది. బీట్‌రూట్ తిన్నవాళ్ళలో ఏ కొందరికో అలా రంగు దిగుతుంది. రోడ్డు మీద ఒకసారి నా బస్సులో ఆరుగురు గోలెత్తిపోయారు, ఎందుకంటే ముందు ఊళ్ళో అందరూ అదే కూర తిన్నారు. మర్నాటికి ఏమీ ఉండదు. మీరు తాగిన గ్లాసు నా ఫ్లాస్కులోదే."

డాక్టరు లావుపాటి పుస్తకం తీసి, విషయసూచికలో వేలు పెట్టి వెతికి, ఒక పేజీ దగ్గర ఆగాడు. ఆ పేరా కింద కాలేజీ రోజుల్లో తానే గీసుకున్న గీత ఉంది. పుస్తకం మూసేశాడు.

"అమ్మా, పొద్దున మీరు నెల రోజులని చెప్పింది..."

"వెల్లుల్లి గురించండీ," అంది కోడలు. "మీరు కుర్చీ వెనక్కి జరుపుకుంటే అదే అడుగుతున్నారనుకున్నాను."

డాక్టరు పుస్తకాన్ని పక్కకు నెట్టాడు. ఆ గదిలో బీట్‌రూట్ తాగని ఇద్దరిలో ఒకరైన కోడలి భర్తను పరీక్షించి చూసుకుంటేనన్నా మనసు కుదుటపడుతుందనుకున్నాడో ఏమో, అతని చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. పట్టీ విప్పి, రెండో చేతికి చుట్టి మళ్ళీ చూశాడు. ఐదు నిమిషాలు ఆగి మూడోసారి చూశాడు.

"ఈ రోజు ఈ క్లినిక్‌కు వచ్చిన వాళ్ళలో నిజంగా జబ్బున్నది ఒక్కరికే," అన్నాడు. "ఈయనకి."

భర్త రక్తపోటు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉంది. కూర్చుని చేసే పని, టీలు, నిద్ర లేకపోవడం, ప్రతిదాంట్లో ఉప్పు. డాక్టరు మాత్రలు రాశాడు. ఉప్పు తగ్గించాలన్నాడు, రోజూ గంటసేపు నడవాలన్నాడు, తొమ్మిదింటికల్లా పడుకోవాలన్నాడు. "ఇవన్నీ దగ్గరుండి చేయించే మనిషి ఇంట్లో ఎవరైనా ఉండాలండీ. మాటలతో వినే రకంలా లేరు."

మామగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నేనున్నానుగా," అన్నారు.

డాక్టరు ఆయన్ను చూశాడు. సంచీని చూశాడు. "మాత్రలు మాత్రం ఆపకూడదు పెద్దాయనా. అది నాకు మాటివ్వండి. ఆపైన మీ చిట్కాల్లో నేను వద్దన్నవి వదిలేసి, మిగతావి మీ ఇష్టం." మామగారు మాటిచ్చారు. మాత్రలను కూడా ఒక చిట్కా కిందే జమకట్టుకుని మనసు సరిపెట్టుకున్నట్టు కనిపించారు.

కోడలి చేతికి కాగితం వచ్చింది. సూపరింటెండెంటు దాన్ని అంచు పట్టుకుని చదివి, టూరును మళ్ళీ ఆమె పేర రాశాడు. సీనియర్ నడుం పట్టుకుని, ఆ వరండాలో అందరికంటే ఎక్కువగా సంతోషించాడు.

ఇంటికి వచ్చాక కోడలు పనిముట్ల పెట్టె ముందు కూర్చుంది కానీ చేతులు ఆడలేదు. "నేను ఆగిపోతానండీ," అంది భర్తతో. "మీకిలా ఉంటే ఎలా వెళ్ళను?"

అతను వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "నువ్వు ఆగితే ఇద్దరు చూసుకుంటారు నన్ను. ఒక్కరు చాలు. వెళ్ళు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ ఆమె పెట్టెలో స్క్రూడ్రైవర్లు వరసగా పెట్టింది అతనే.

మామగారు వంటగదిలో ఖాళీ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. లోపల ఒక్క పొట్లం మిగల్లేదు. అంతా వరండాలో పంచిపెట్టేశారు.

"నెల పట్టిందమ్మాయీ, అదంతా సర్దడానికి," అన్నారు. "నాతో ఇంకో డ్రైవరు ఉండేవాడు. దారిలో జ్వరం తగిలి, తెలియని ఊళ్ళో గది తీసుకుని మూడు రోజులు పడున్నాడు. మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. బతికి బయటపడ్డాడనుకో, కానీ తర్వాత బండెక్కలేదు. నాకు ఆ భయం. అంతే."

నెల రోజులుగా వెల్లుల్లి నములుతున్నా ఈ మాట కోడలు వినడం ఇదే మొదటిసారి. ఆమె ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుంది. "అన్నీ కాదు మామయ్యా. ఏడు నెలలకి ముఖ్యంగా కావలసినవి నాలుగు చెప్పండి, రాసుకుంటాను. అక్కడ దొరికినవాటితో నేనే చేసుకుంటాను."

ఆయన ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టారు. "నీళ్ళు కాచుకుని తాగు. చేతులు కడుక్కో. కడుపు చెడితే ఉప్పూ పంచదార నీళ్ళు. రెండో రోజుకీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పో, నా మాట పట్టుకుని కూర్చోకు." కోడలు రాసుకుంది. వెల్లుల్లి మాట ఎత్తుతారేమోనని చూసింది. ఎత్తితే ఆమె రాయడం ఆపేస్తుందేమోనని ఆయనా చూశారు. ఇద్దరూ ఎత్తలేదు.

మూడో నెలలో ఆమె తొమ్మిదో కేంద్రానికి చేరింది. చెట్టన్నది లేని బోడికొండ, పైన ఒక గది, ఒక ఇనుప స్తంభం. స్తంభం మీద తాను ఎప్పుడో బాగుచేసి పంపిన యంత్రం, గిన్నెలు కంటికి ఆననంత వేగంగా తిరిగిపోతోంది. ఆమె పని మొదలుపెట్టకుండా కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. దారిలో ఒకసారి జలుబు చేసింది, ఒకసారి కడుపు చెడింది, రెండూ మామూలుగానే తగ్గాయి. కొండ మీద ఒక్క మూల సిగ్నలు అందుతుందంటే అక్కడికి వెళ్ళి ఇంటికి ఫోను చేసింది.

మామగారే ఎత్తారు. "బీపీ దిగొచ్చిందమ్మాయీ! డాక్టరు స్వయంగా ఇంటికొచ్చి చూశాడు. పొద్దున అయిదింటికి లేపుతున్నాను, గంట నడక. ఉప్పు డబ్బా నా దగ్గరే ఉంచాను. టీ లేదు. తొమ్మిదింటికి లైటు తీసేస్తున్నాను. మనిషి ఎంత తేటగా ఉన్నాడో వచ్చి చూద్దువు గానీ. ఉండు, ఇస్తాను."

ఫోను చేతులు మారింది. "ఎలా ఉన్నారండీ?" అని అడిగింది కోడలు ఆత్రంగా.

"ఆరోగ్యంగా ఉన్నాను," అన్నాడు భర్త, ఎవరో దగ్గరివాళ్ళు పోయిన కబురు చెబుతున్నట్టు.